గేదె చచ్చిపోయిందనుకుందాం

గిల్లేసూగూరు పక్క వలస రైతుల క్యాంపు, 1964

కేశవ బావకి యలమంద దణ్ణాలు.

కాదు బావా, తాడు నేనొదల్లా. మన కొమ్ము విరిగిన గేదే తెంపుకుపోయింది. కాలవగట్టంతా వెతికాం. తాతయ్య ఆ కోపం నీ మీద తీస్తన్నాడు. "ఎక్కాలు నీకూ వచ్చు. వాడు బియ్యస్సీలో మూడేళ్లు చదివే లెక్కలేవిట్రా? అదేదో చెబితేనే మీ అక్క రాజ్యలక్ష్మినిచ్చి చేసేది" అంటన్నాడు. తొందరగా రాయి.

నీ యలమంద

తా.క.: పెద్దక్షరాలతో రాయి. అందరి ముందూ నేనే చదవాల. నాకు సిగ్గు.

రాయచూరు

యలమందకు ఆశీస్సులు.

మేం కూడికలు చెయ్యం, రుజువులు చేస్తాం. ఒక మాట నిజమని చూపాలంటే, ముందు అబద్ధమనుకుంటాం. పోనుపోను ఎక్కడో పొసగదు. అప్పుడు అనుకున్నదే తప్పని తేలుతుంది. మన గేదెతోనే చూపిస్తాను. గేదె చచ్చిపోయిందనుకుందాం.

కేశవ

తా.క.: కార్డు నిండింది. మిగతాది ఇంకో కార్డు మీద.

క్యాంపు

బావా, కొంప మునిగింది.

ముందు ముక్కలు ఎవరికీ ఎక్కలా. చివరి ముక్క అందరికీ ఎక్కింది. నాయనమ్మ శోకాలు. క్యాంపంతా పలకరింపులకొచ్చింది. "రాయచూర్లో కూర్చున్నోడికి ఇక్కడ గేదె చచ్చిందని ఎట్టా తెలిసింది? వీడు అంజనం వెయ్యడం నేర్చుకుంటన్నాడు! అంజనాలోడికి పిల్లనివ్వను" అన్నాడు తాతయ్య. ఇంకో కార్డుందని నేనన్నా. నా గొంతు నాకే వినపళ్లా.

నీ యలమంద

తా.క.: ఊళ్లోంచి గిరిజమ్మొచ్చింది. "నా ముక్కుపుల్ల ఏడుందో గూడ చూడమని రాయి కొడకా" అంది.

రాయచూరు

యలమందకు, అదే రోజు రాస్తున్న రెండో కార్డు.

చచ్చిన గేదె నారు మేయదు. నిన్న బజార్లో కల్లూరు బసవప్ప కనబడ్డాడు. "ఏంది కేశవా, ఎవరిదో కొమ్ము ఇరిగిన బర్రె నా నారుమడిల దిగి గిట్ల మేసింది!" అన్నాడు. కనక మనం అనుకున్నది తప్పు. గేదె బతికే ఉంది. రుజువైంది.

కేశవ

తా.క.: బసవప్ప ఇంట్లో కట్టేసి ఉంది. వెళ్లి తోలుకురండి.

క్యాంపు

కేశవ బావకి దణ్ణాలు.

పోయి చూస్తే మన గేదె నెమరేస్తా ఉంది. తాతయ్య పొట్ట పట్టుకు నవ్వాడు. "ఎక్కడుందో తెలిసీ, ముందు ఉందని రుజువు చేసి, ఆనక చెప్పటం! దీనికా మూడేళ్లు?" అని. అమావాస్య వెళ్లగానే లగ్నం పెట్టిస్తాడంట.

నీ యలమంద

తా.క.: అక్క పొయ్యి కాణ్ణించి అరుస్తంది. "మీలో మీరు అనుకుంటే సరా? రాజ్యలక్ష్మి ఒప్పుకోలేదనుకుందాం అని రాయరా" అని. నవ్వుతానే అందిలే. మరి దీనికేం రాస్తావు బావా?