బండి కింద పసుపు గీతలు

ఆగస్టు 17, ఆదివారం

చిరంజీవి బామ్మర్దికి,

మీ బావ ఆశీస్సులు. నేనిక్కడ బాగానే ఉన్నాను, నువ్వక్కడ అంతకన్నా బాగున్నావని అనుకుంటున్నాను. ఉత్తరమన్నాక మొదట ఈ ముక్క రాయాలి కాబట్టి రాశాను. ఎంత బాగున్నానో కిందికి చదువుతూ పోతే నీకే తెలుస్తుంది. ఫోను చేస్తే ఎత్తవు, మెసేజి పెడితే చూసి ఊరుకుంటావు. ఉత్తరమైతే చించడానికైనా ఒకసారి చేతిలోకి తీసుకోవాలి కదా అని కాగితం ముందేసుకుని కూర్చున్నాను. నా చేతిరాత కోడి కెలికినట్టుంటుందని మీ అక్క ఎప్పుడూ వెక్కిరించేది. కాస్త ఓపిక పట్టి చదువు.

ముందు కబుర్లు. పని మామూలే. ల్యాబులో నా బల్ల మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా కట్టుడు పళ్ల సెట్లు వరసగా ఇకిలిస్తూ ఉంటాయి. అన్ని నవ్వుల మధ్య కూర్చుని పనిచేసి ఇంటికొస్తే, ఇంత ఆలస్యమేంటని అడిగే గొంతు లేదు. ఆలస్యంగా రావడంలో ఉన్న సరదా కూడా పోయింది. ఒక్కడికి వండుకోవడం ఇంకా చేతకాలేదు. చెయ్యి దానంతటదే ఇద్దరికి కొలుస్తుంది. మిగిలింది మర్నాడు తింటున్నాను. ఉప్పు ఎక్కువైనా తిట్టే మనిషి లేదు కాబట్టి నా వంట బాగుపడే దారి కూడా కనపడట్లేదు.

ఇక అసలు సంగతి, బండి. పేరెత్తగానే కాగితం మడిచేయకు. నీకు తెలిసినవే మళ్లీ చెబుతాను, విసుక్కోకు. ఈ మధ్య నాకు ఏదైనా చెప్పుకోవడానికి ఎవరూ దొరకట్లేదు.

మీ అక్క పశువుల డాక్టరు కదా, గొర్రెలకీ ఆవులకీ మందులు వేయడానికి కొండదారులు పట్టుకు తిరగాలి, మామూలు కారు బురదలో కూరుకుపోతోంది అంటే, నీ వర్క్‌షాపు మూసి మరీ తిరిగి, నాలుగు చక్రాలూ లాగే ఈ పెద్ద బండిని వెతికి తెచ్చింది నువ్వే. అప్పటికే అది మూడు చేతులు మారింది. పాత బండి కొనడమూ సంబంధం చూడటమూ ఒకటే బావా, పైన రంగు చూసి మురిసిపోకూడదు, కిందికి దూరి చూడాలి అన్నావు. మరి మీ అక్కకి నన్ను చూసినప్పుడు కిందికి దూరి చూశారా అని అడిగాను. అప్పుడు నేను చిన్నవాణ్ణి, నన్నెవరూ అడగలేదు, అందుకే మోసపోయాం అన్నావు. మీ అక్క పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నాకు వినిపిస్తూనే ఉంటుంది.

చివరిసారి ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లింది కూడా అందులోనే. నడిపింది నువ్వు. వెళ్లేటప్పుడు ముగ్గురం, వచ్చేటప్పుడు ఇద్దరం. ఆ తర్వాత బండి అమ్మేయమన్నావు. దాన్ని చూస్తే ఊపిరాడట్లేదన్నావు. నేను అమ్మనన్నాను. అది గుమ్మం ముందు ఉన్నంతకాలం నీ గడప తొక్కను బావా అని విసురుగా వెళ్లిపోయావు. నీ బాధ నాకు అర్థం కాక కాదు. నువ్వు వెనక అద్దంలో ఏం చూస్తూ నడిపావో నాకు తెలుసు, ఆమె తల నా ఒళ్లోనే ఉంది. కానీ నా సంగతి వేరు. ఆమె ఎత్తుకి సరిపోయేలా సర్దుకున్న సీటు ఇప్పటికీ అలాగే ఉంది. నేను దాన్ని వెనక్కి జరపలేదు. మోకాళ్లు స్టీరింగుకి కొట్టుకుంటూ, ముడుచుకుని నడుపుతాను. ట్రాఫిక్ పోలీసు ఒకాయన ఆపి, సీటు జరుపుకోవడం రాదా సార్ అని అడిగాడు. రాదని చెప్పాను.

ఈ మధ్య వెనక నుంచి సన్నగా మూలుగు లాంటి చప్పుడు మొదలైంది. అప్పుడు నువ్వు చెప్పిన పాఠం గుర్తొచ్చింది. ఇంజనులో ఆయిల్ అందరూ మారుస్తారు, అసలు చాకిరీ చేసే గేర్ల డబ్బాలను ఎవడూ తలచుకోడు అనేవాడివి. ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి, ఇంజను బలాన్ని రెండు వైపులా పంచే డబ్బా మధ్యలో ఒకటి. పాత బండి కొన్నవాడు సీటు కవర్లు మార్చే ముందు ఈ మూడింట్లో ఆయిల్ ఎలా ఉందో చూసుకోవాలనేవాడివి. మీ అక్క మంచాన పడ్డాక ఆ మూడింటి ఊసు ఎత్తిన మనిషి లేడు.

సరే, నేనే చేద్దామని గేర్ ఆయిల్ డబ్బాలు, కొత్త రాగి వాషర్లు, ఆయిల్ ఎక్కించే చేతిపంపు కొన్నాను. షాపతను నా ఇస్త్రీ చొక్కా వంక చూసి, మెకానిక్ పేరు చెప్పండి సార్, ఏ గ్రేడు కావాలో నేనే ఫోను చేసి కనుక్కుంటానన్నాడు. నేనే మెకానిక్‌నన్నాను. మర్యాదస్తుడు, నవ్వు ఆపుకున్నాడు. ఇవాళ పొద్దున బండిని కాసేపు అటూ ఇటూ తిప్పి ఆయిల్ వేడెక్కించి, చదునుగా ఉన్నచోట ఆపి, అట్టపెట్టె పరిచి కిందికి దూరాను. బండి ఎత్తుగానే ఉంటుంది కాబట్టి జాకీ అక్కర్లేదు. నా పొట్ట మాత్రం కాసేపు మొరాయించింది.

కింది బోల్టు ముట్టుకునే ముందు పై బోల్టు ఊడుతుందో లేదో చూసుకోవాలన్న నీ మాట మర్చిపోలేదు. పాతదంతా కార్చేశాక పై బోల్టు పట్టేస్తే కొత్తది పోసే దారుండదు, బండి ఎక్కడిదక్కడ బొమ్మలా నిలబడిపోతుంది. బండి అడుగున పేరుకున్న బురదలో బోల్టు సరిగ్గా కనపడక, ల్యాబులో వాడే నోటి అద్దం, చిన్న టార్చి పట్టుకెళ్లాను. నోరు తెరవమ్మా అంటూ వెనక డబ్బా కిందికి అద్దం పెట్టి చూశాను. బోల్టు మీద పసుపు గీత ఉంది.

నీ అలవాటు నాకు తెలియనిదా? బోల్టు బిగించాక దాని తల మీది నుంచి డబ్బా మీదికి ఒక గీత గీస్తావు. బోల్టు కదిలితే గీత తప్పుతుంది, ఇట్టే తెలిసిపోతుంది. మిగతా మెకానిక్‌లు తెల్ల పెయింటు వాడతారు. నీది మాత్రం మీ అక్క టీకా వేసిన గొర్రెల వీపు మీద గుర్తు పెట్టే పసుపు రంగు కడ్డీ. గొర్రెలకి పోను నీకొకటి అని ఆమే ఇచ్చింది. ఎండకీ వానకీ పోదని గొప్పలు కూడా పోయేవాడివి. అలాంటి గీత గీసే మనిషి ఈ భూమ్మీద ఇంకొకడు ఉండడు.

పై బోల్టు పట్టగానే ఊడింది. చిటికెన వేలు వంచి లోపల పెడితే అంచు దాకా ఆయిల్ తగిలింది. తీసి చూస్తే నల్లగా, మాడిన వాసనతో ఉండాల్సింది తేనెలా ఉంది. నా కళ్లను నేనే నమ్మక కింది బోల్టు కూడా విప్పాను. మంచి ఆయిల్, ధారగా పళ్లెంలోకి దిగింది. బోల్టుకున్న అయస్కాంతానికి గేర్లు అరిగిన ఇనప పొడి బురదలా పేరుకుని ఉండాలి కదా, వేలితో తుడిస్తే మెరుగు తప్ప ఏమీ లేదు. వాషరు కూడా కొత్తది. ముందు డబ్బా, మధ్య డబ్బా ఇక విప్పలేదు. వాటి మీదా గీతలు కనపడ్డాయి, చాలు.

వెల్లకిలా పడుకునే లెక్క కట్టాను. బండి తాళం నా దగ్గరే ఉంటుంది కదా. అంటే నువ్వు దాన్ని తిప్పి వేడి చేయలేదు. చల్లటి గేర్ ఆయిల్ ఎంత మెల్లగా దిగుతుందో నువ్వే చెప్పావు. మూడు డబ్బాల్లో పాతదంతా దిగి కొత్తది ఎక్కేదాకా నువ్వు నా గుమ్మం ముందే పడుకుని ఉండాలి. ఎదురింట్లో కుట్టుపని చేసే ఆవిణ్ణి అడిగితే, అవునండీ, మీ మెకానిక్ ఒకాయన వచ్చాడు, దొంగేమో అనుకుని కాసేపు చూశాను, దొంగైతే కింద కారిన నూనె చుక్కలు గుడ్డతో తుడిచి పోతాడా అని మళ్లీ ఊరుకున్నాను అంది.

చెప్పొద్దూ, ముందు సంతోషమేసింది. ఆ వెంటనే బాధేసింది. బండి మొహం చూడలేనన్నవాడివి వచ్చి దాని కిందే గంటలు గంటలు పడుకున్నావు. పట్టుకున్నావు, తుడిచావు, అక్క ఇచ్చిన రంగుతో గీత కూడా గీశావు. అయితే నీకు కోపం బండి మీద కాదన్నమాట. మరి మిగిలింది నేనే కదరా. బండి బాగోగులు కనుక్కుని, బావ ఉన్నాడా పోయాడా అని అడక్కుండా వెళ్లిపోయావు. బండికున్న పాటి చుట్టరికం నాకు లేకపోయిందా?

కార్చేసిన దాని బదులు నేను తెచ్చిన ఆయిల్ పోసి, బోల్టు బిగించాను. ఎంత తంటాలు పడ్డా నువ్వు గీసిన గీత దగ్గర మళ్లీ కలవలేదు, కాస్త అవతలికి పోయింది. వస్తే నువ్వే సరిచేసుకో. నువ్వు పోసిన ఆయిల్ పారబోయడానికి చేతులు రాలేదు. మూత బిగించి వంటింటి గూట్లో పెట్టాను. పొరపాటున కూరలో పోసుకుంటే నీదే పూచీ.

ఇంకొక మాట. మీ అక్క గొర్రెలకి మందులేసిన కొండ మీది రైతు ఒకాయన బండి అడుగుతున్నాడు. డాక్టరమ్మ బండి అయితే కళ్లు మూసుకుని తీసుకుంటానంటున్నాడు. ఈ నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలి. ఇన్నాళ్లూ అమ్మనని మొండికేశాను. ఇప్పుడు నువ్వు అమ్మేయమంటే అమ్మేస్తాను. ఉంచమంటే ఉంచుతాను. బండి లేకపోతే బస్సులో పోతాను. కానీ ఇంట్లో మీ అక్క గురించి మాట్లాడుకోవడానికి ఒక్క మనిషి లేకుండా ఉండటం నావల్ల కావట్లేదు. ఆమె కోపమొస్తే ఏం చేసేదో, నిద్రలో ఏం కలవరించేదో తెలిసినవాళ్లం ఈ లోకంలో మనిద్దరమే మిగిలాం. నువ్వు అక్కడ, నేను ఇక్కడ నోళ్లు కుట్టుకుని కూర్చుంటే ఆమె సంగతులన్నీ ఏమైపోతాయి?

అమ్మాలా వద్దా అన్నది ఉత్తరంలో రాయొద్దు. వచ్చి నోటితో చెప్పు. తిట్టాలనుకుంటే తిట్టు, తిట్టి భోజనం చేసి వెళ్లు. రోజూ ఇద్దరికి వండుతూనే ఉన్నాను.

ఆరోగ్యం జాగ్రత్త. ఈ వానల్లో తడి నేల మీద పడుకుని పనిచేయకు, నడుం పట్టేస్తుంది.

ఇట్లు,
నీ బావ

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. పైన రాసినదాంట్లో అబద్ధం ఉంది. బండి మూలగలేదు, ఏ చప్పుడూ రాలేదు. నువ్వు వచ్చావని నాకు చెప్పింది ఆయిలూ కాదు, ఎదురింటావిడా కాదు. నువ్వు వచ్చిన ఆ మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉన్నాను. పంటినొప్పితో సెలవు పెట్టాను, నవ్వకు. గేటు చప్పుడైతే కిటికీలోంచి చూశాను. బండి కింది నుంచి నీ కాళ్లు రెండూ కనపడ్డాయి. నువ్వు పని ముగించేదాకా కర్టెను పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఇవాళ బోల్టు విప్పింది, అంతసేపు నా గుమ్మంలో ఏం చేశావో చూద్దామని.

చేతులు తుడుచుకుని నువ్వు తలుపు దాకా వచ్చావు. బెల్లు కోసం చెయ్యి ఎత్తావు. నేను ఇవతల గడియ మీద చెయ్యి వేసి ఉన్నాను. నీ ఊపిరి వినపడేంత దగ్గర. తీస్తే మళ్లీ బండి అమ్మేయమంటావని, మళ్లీ దెబ్బలాడుకుంటామని, ఈసారి వెళ్తే ఇక రావని భయమేసింది. నువ్వు బెల్లు కొట్టలేదు, నేను తలుపు తీయలేదు. గేటు పడ్డాక తీస్తే వీధిలో ఎవరూ లేరు. అప్పటి నుంచి కనపడ్డవాళ్లందరికీ మా బామ్మర్ది మా గడప తొక్కట్లేదని చెప్పుకుంటున్నాను. నువ్వు గడప దాకా వచ్చావు. తలుపు తీయనిది నేను. ఈసారి వస్తే బెల్లు కొట్టక్కర్లేదు, తలుపు తోసుకుని వచ్చెయ్. గడియ వేయడం మానేశాను.