తుమ్మచేవ పైపు

బుధవారం, బందరు

పెడన నుంచి ఖాదర్ గారు వచ్చారు. కలంకారీ అచ్చులు చెక్కే ఆయనకు నా పైపులంటే ఎప్పుడూ నవ్వే.

"చుట్టైనా ముట్టరు, ఈ పొగ గొట్టాలెందుకండీ మేష్టారూ?" అన్నారు. మా ఆవిడ సుగుణ ఉన్నప్పుడూ ఇదే మాట.

సొరుగులోని పైపు చూపించాను. తుమ్మచేవ. నేను చెక్కి, బర్మాతో రంధ్రం వేశాను. నునుపు చేయడం సుగుణ పని. రుద్దాల్సిన చోటంతా పెన్సిలు గీతలు గీసి, అవి పోయేదాకా ఉప్పుకాగితంతో రుద్దేది. ఒక పక్క పూర్తయింది. రెండో పక్క గీతలు అలాగే ఉండగా ఆస్పత్రికి వెళ్లింది. తిరిగి రాలేదు. ఎనిమిది నెలలు.

"నూనె పట్టించకుండా వదిలేస్తే బీటలిస్తుందండీ. ఆవిడ పని ఆవిడది. మిగతాది మీరు కానివ్వండి."

ఆయన వెళ్లాక కూర్చున్నాను. ఆమె నునుపుకు సరితూగాలని గీతలన్నీ పోయేదాకా రుద్దాను. పైపును అటూ ఇటూ తిప్పుతూ అవిసె నూనె పట్టించి, తేనెమైనంతో మెరుగు పెట్టాను. బాగా వచ్చింది. ఇంత నునుపు నా చేతికి ఎప్పుడూ రాలేదు.

బొటనవేలితో తడిమి చూశాను. రెండు పక్కలూ ఒకటే.

ఆమెది ఎడమ పక్కా, కుడి పక్కా? ఎప్పుడూ గుర్తుపెట్టుకోలేదు. ఇన్నాళ్లూ వేలికే తెలిసేది. ఎడమే అనుకుంటాను. కాదేమో. పూర్తి చేసి మంచిపని చేశానో, లేదో.

ఆమె పక్కన చిన్న గుర్తు పెడదామని పెన్సిలు తీశాను. ఎటు పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని కూర్చున్నాను.