ట్రంకు పెట్టె అడుగున ఉత్తరం

1999 జూలై, ఆదివారం. రావల్కోల్.

పొద్దుగూకంగ పక్కింటి లచ్చవ్వ వచ్చింది. కొడుకు కార్గిల్ల ఉన్నడు, నెల దాటినా ఉత్తరం రాలేదట. "అన్నా, నువ్వు ఫౌజుల జేసినోనివి గదా. పిలగాడు రాస్తే గా ఉత్తరం యాడ ఆగుతది?" అని అడిగింది. "వస్తది తియ్, పరేషాన్ గాకు" అన్న. ఏ మొఖం పెట్టుకొని అన్ననో.

ఆమె పోయినంక ట్రంకు పెట్టె తీసిన. డెబ్బయి ఒకటి లడాయిల మా కాడ ఖైదున్న పాకిస్తాన్ సిపాయి ఇచ్చిన ఉత్తరం అడుగుననే ఉంది. చిన్నప్పుడు మేడ్చల్ బడిల ఉర్దూ నేర్సిన గదా, నాతోనే మాట్లాడేటోడు. వాళ్లమ్మకు పంపమని చేతులు పట్టుకున్నడు. దుష్మన్‌తోని దోస్తీ ఏందని పెద్ద సాబ్ నిలదీస్తడని భయపడి దాసిన. ఎంత పిరికోన్ని! అండ్ల ఉన్నది ఒక్కటే ముక్క: "అమ్మీ, నేను బతికే ఉన్న."

గా తల్లి గూడ ఎవల్నో అడిగే ఉంటది. వస్తది తియ్, పరేషాన్ గాకు అనే ఉంటరు.