అమ్మ చేసిన చేష్ట

నాన్నా,

నిన్న శ్రీకూర్మంలో మీ సంవత్సరీకం పెట్టాం. ఈ ఉత్తరంలో తప్పులు దిద్దడానికి మీరు లేరు, హాయిగా ఉంది.

గుడి బయట ఒడిశా యాత్రికురాలొకావిడ పలకరిస్తే, అమ్మ పర్లాకిమిడి పుట్టింటి ఒడియాలో గలగలా మాట్లాడింది. ఒక్క ముక్కా అర్థం కాక నేను పక్కనే నిలబడ్డాను.

మీకు గుర్తుండదు. నా పదో తరగతి పరీక్షలప్పుడు అమ్మ మీ స్నేహితులతో, "పిల్ల బాగా సేష్ట సేస్తన్నాదండి" అంది. ఒడియాలో చేష్ట అంటే ప్రయత్నం. "చేష్టలు చేసేది కోతులే!" అని మీరు అందరి ముందూ పగలబడి నవ్వారు. తెలుగు పండితులు మీరు. సంస్కృతంలోనూ దానికి ప్రయత్నమనే అర్థం ఉందని తెలిసే నవ్వారు. ఆ తర్వాత అమ్మ మనింట్లో అవసరానికి మించి మాట్లాడలేదు.

ఆ యాత్రికురాలితో ఏం చెప్పావని తిరుగు బస్సులో అమ్మనడిగాను.

"మా పిల్లకి మా బాస రాదని సెప్పేనే. నేర్పడానికి శానా సేష్ట సేసేను. మీ నాన్న సాగనివ్వలేదు."

సాయంత్రం మీ పడక కుర్చీలో కూర్చుని అమ్మ నాకు మొదటి పాఠం చెప్పింది. అన్నీ తప్పులే పలికాను. అమ్మ ఒక్కసారీ నవ్వలేదు.