గుసగుసగా చెప్పిన కథ

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ తాండూరులో మా బడికి ఇన్‌స్పెక్టరు వచ్చారు. ఒకటో తరగతి పిల్లలు ఒకటే గోల. బెత్తం తీయబోయి ఆగాను. గుసగుసగా కథ మొదలుపెడితే, వినడానికి అందరూ నోళ్లు మూసుకున్నారు.

బండల గని దగ్గర కూలివాళ్ల పిల్లలను నువ్వు అలాగే ఊరుకోబెట్టేదానివి. "మనం ఒర్రితే వాళ్లు ఇంకింత ఒర్రుతరు చెల్లె, జర మెల్లగ చెప్పు" అన్నావొకసారి. బండలు మోసి నన్ను చదివించిన నిన్ను, "బడి మొకం చూడనిదానివి, పంతులమ్మకే నేర్పుతవా?" అని ఎగతాళి చేశాను.

"ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అని ఇన్‌స్పెక్టరు మెచ్చుకుంటూ అడిగారు.

"ట్రైనింగ్‌ల సార్" అన్నాను.

ముందు వరసలో నీ బిడ్డ కూర్చుని ఉంది. ఇంటికి వస్తుంటే, "మా అమ్మ గట్లనే చెప్తుండె గద, చిన్నమ్మా?" అని అడిగింది.

దాని ప్రశ్నకు జవాబు ముందు నీకే రాస్తున్నాను.