మీ పిన్ని కొలతలు

అమ్మాయికి,
కత్తెర పక్కన పెట్టి బాబాయి రాస్తున్న దీవెనలు. మీ పిన్ని నాతో మాట్లాడి పదకొండు రోజులైంది. షాపుకొచ్చే ఆడవాళ్లతో నవ్వుతూనే ఉంది. కారణం అడిగితే "ఏం లేదు" అంటుంది. మీ ఆఫీసులో మనుషుల స్వభావం తేల్చే ప్రశ్నల కాగితం నాకోటి ఇచ్చావు కదా, పిన్ని పేరున నింపి పంపుతున్నాను. ఆవిడది ఏ రకమో చెబితే దాన్నిబట్టి నడుచుకుంటాను.
మీ బాబాయి

తా.క.: "ఏం లేదు" అనే రకం ఉంటే అది కాదని చెప్పు చాలు.

బాబాయికి,
పనిలో పడి ఆలస్యమైంది, కోప్పడకు. పిన్నిది సందడి స్వభావం. నలుగురూ ఉంటే హుషారు, మౌనం అస్సలు పడదు. ఇంటికి మనుషుల్ని పిలువు, ఆవిడతో గలగలా మాట్లాడుతూ ఉండు.
నీ అన్న కూతురు

తా.క.: నాకూ నమ్మబుద్ధి కాలేదు.

అమ్మాయికి,
దీవెనలు, కాస్త తగ్గించి. ఆదివారం వీధిలో ఉన్న టైలర్లందరినీ పిలిచాను. పొద్దుటినుంచి నోరు మూయకుండా మాట్లాడాను. మీ పిన్ని చెల్లెలింటికి వెళ్లి సాయంత్రం వచ్చింది. ఇప్పుడు "ఏం లేదు" కూడా అనడం లేదు. భయంగా ఉంది.
బాబాయి

తా.క.: తప్పు కాగితంలో ఉండదు. ఎవరి కొలతలు వాళ్లు తీసుకోలేరు కదా, నలభై జవాబులూ ఆవిణ్ణి చూసి నేనే రాశాను.

బాబాయికి,
దండం పెడతాను. ఎవరి జవాబులు వాళ్లే చెప్పాలి. నువ్వు పంపింది నీ స్వభావం. ఖాళీ కాగితం పంపుతున్నాను. పిన్నిని అడుగు, చెప్పింది చెప్పినట్టు రాయి.
అన్న కూతురు

తా.క.: ఆదివారం నీకు బాగానే గడిచి ఉంటుంది.

అమ్మాయికి,
మనసారా దీవెనలు. మొదటి ప్రశ్న, మీ విషయం ఇంకొకరు నిర్ణయిస్తే ఎలా ఉంటుందని. మీ పిన్ని దాన్ని రెండుసార్లు చదివించుకుంది.

"ఇరవై ఆరేళ్లు కుట్టిన నా తొక్కుడు మిషన్ ఇచ్చేసి మోటారుది తెచ్చారు. నన్నొక్క మాట అడిగారా?" అంది.

కాళ్లనొప్పులు తగ్గుతాయని తెచ్చానమ్మా. కానీ అడగలేదు. ఆ ప్రశ్నకి మొన్న నేను "చాలా సంతోషం" అని రాశాను. సిగ్గేసింది. వెంటనే వెళ్లి పాత మిషన్ వెనక్కి తెచ్చాను. తర్వాత మిగతా ప్రశ్నలడిగాను. ఒక్కోదానికీ అరగంట చెప్పింది. షాపు రెండు రోజులు తెరవలేదు.
బాబాయి

తా.క.: ఆవిడది ఏ రకమో తేల్చొద్దు. ప్రశ్నలు అయిపోయాయి, ఇంకో నలభై పంపు.