రెండు పేజీలు ఒకేసారి

మార్చి 2

పిన్ని ఫోన్ చేసింది. ఇరవై ఎనిమిదిన తన పియానో కాన్సర్ట్‌లో పక్కన కూర్చుని నోట్స్ పేజీలు తిప్పాలిట.

నవ్వొచ్చింది. నలభై ఏళ్ళుగా స్టేజి మీద కాగితం ముట్టని మనిషి. నోట్స్ ముందు పెట్టుకుని వాయించేవాళ్ళని చూస్తే ఊతకర్ర బ్యాచ్ అని వెక్కిరించే మనిషి. ఇదేంటి పిన్నీ అన్నాను. అరవై రెండొచ్చాయే, మతిమరుపు, అని కసిరి పెట్టేసింది.

సెలవు పెట్టాలి. నేనూ మ్యూజిక్ టీచర్‌నే. కాకపోతే మా ఆర్కెస్ట్రాలో ముప్ఫైమందీ ఏడేళ్ళవాళ్ళే, ముప్ఫైమందీ సోలోయిస్టులే.

మార్చి 5

మళ్ళీ తలుపు చెక్కకి ఎడం భుజం కొట్టుకున్నాను. గుమ్మం వెడల్పు చేయించనా అని మా ఆయన జోకు. ఈ మనిషికి రేపు కాఫీ బంద్.

మార్చి 14

పిన్ని ఇంటికెళ్ళాను. కుర్చీలన్నీ గోడకి జరిపేసి ఉన్నాయి, మధ్యలో పియానో ఒక్కటే. ఊడ్చుకోడానికి వీలుగా ఉంటుందట. పిన్ని చీపురు పట్టుకోగా నేను పుట్టి ఎరగను.

వాయించేది నూట పదేళ్ళ నాటి కాన్సర్టో, పియానోకీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసింది. మూడో భాగంలో పియానో ఒక్కటే నాలుగు నిమిషాలు ఉరికి ఉరికి ఠక్కున ఆగిపోతుంది. నిశ్శబ్దం. కండక్టర్ చెయ్యి పైకి లేచి దిగగానే పియానో, ఆర్కెస్ట్రా ఎనభై మందీ కలిసి ఒక్కసారే పడాలి. అర క్షణం అటూ ఇటూ అయితే నవ్వులపాలే.

పిన్నికి కొత్త పిచ్చి పట్టుకుంది. కండక్టర్ చెయ్యెత్తినప్పుడల్లా నేను గట్టిగా ఊపిరి పీల్చాలట, తనకి వినపడేలా. ఎందుకూ అంటే సెంటిమెంట్ అంది. ఎవరి పిచ్చి వాళ్ళకానందం.

పేజీలు తిప్పేవాళ్ళు పియానిస్టుకి ఎడం పక్కన కూర్చోవాలి. ఎడం చేత్తో కాగితం పైమూల పట్టుకుని తిప్పాలి. గాజులు వద్దు, సెంటు వద్దు, నల్ల బట్టలు. మనం ఉండీ లేనట్టుండాలి. నా పదేళ్ళప్పుడు, తన స్టూడెంట్లకి తిప్పడం కోసం పిన్నే నేర్పింది ఇదంతా. అమ్మకి చెల్లెలే గానీ నన్ను తిట్టడంలో అమ్మకి అక్క.

మార్చి 26

మొదటి రిహార్సల్. కండక్టర్ మరీ చిన్నవాడు, బుగ్గ పిండితే పాలు కారతాయి. ఎనభై మంది మధ్యలో ఆ సొట్టబుగ్గలవాడి చేతిలో కర్ర చూసి నాకే జాలేసింది. ఎత్తాడా, అంతే, హాలంతా గడగడ.

నేను కూర్చునే చోటికి వాడు ఎడమవైపు. నా ఊపిరి మూడుసార్లు లేటైందని పిన్ని పళ్ళు కొరికింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు లైటింగ్ బాగాలేదన్నాను. వెళ్ళేటప్పుడు ఒక వయొలిన్ స్టాండు కూడా పడగొట్టాను. ఎడం పక్కన ఉందట. ఉంటే కనపడొద్దూ?

మార్చి 27, మధ్యాహ్నం 2

డ్రెస్ రిహార్సల్ బ్రేక్. ఇది ఇప్పుడే రాసేయాలి.

రెండు పేజీలు ఒకేసారి తిప్పేశాను. కాగితాలు అంటుకుపోయాయి. వెనక్కి తిప్పుదామంటే వేళ్ళు ఆడలేదు. పిన్ని తడబడలేదు. పోనీలే, కంఠతా వచ్చు కదా అనుకున్నాను.

కానీ నేను మింగేసిన ఆ పేజీ పూర్తవగానే తలూపింది. తిప్పమని. ఎప్పుడో తిప్పేసిన పేజీని.

నాకేం పుట్టిందో, పుస్తకం మెల్లగా మూసేశాను. కండక్టర్ అటు తిరిగి బాకాలవాళ్ళ మీద చేతులూపుతున్నాడు. పియానో మూత అడ్డం, ఎవరికీ కనపడదు. పిన్ని కళ్ళు తెరిచే ఉన్నాయి. మూసిన అట్టని చూస్తూ వాయించింది. చూస్తూ చూస్తూ, సరిగ్గా టైముకి మళ్ళీ తలూపింది.

నేను తిప్పడానికేం లేదు. అట్ట మీద చెయ్యేసి అలాగే నిలబడిపోయాను.

మార్చి 27, సాయంత్రం 4.30

గ్రీన్ రూమ్ తలుపేసి అడిగేశాను. పిన్ని ముందు నవ్వింది. తర్వాత నా చెయ్యి కోసం గాల్లో తడిమింది.

నీటికాసులట. కళ్ళలో ప్రెషర్ పెరిగి చూపు అంచుల్నుంచి తినేసుకుంటూ వస్తుందట. నొప్పుండదు, తెలియదు. ఇప్పుడు ఎదురుగా రూపాయి బిళ్ళంత మేర కనపడుతుంది, అదీ పొగలో ఉన్నట్టు. కండక్టర్ ఎక్కడున్నాడో కూడా తెలీదట. అందుకే పేజీల నాటకం. అందుకే నా ఊపిరి. నేనేదో సెంటిమెంట్ అనుకున్నాను, నా మొహం!

ఆర్కెస్ట్రా ఆఫీసులో తెలిస్తే రేపు పొద్దున్నే ఇంకో పియానిస్ట్ దిగిపోతాడట. ఒక్క కాన్సర్ట్, ఆ తర్వాత మూత వేసేస్తాను, అంది. ఎవరికీ చెప్పకు, నా మీద ఒట్టు, అంది. జీవితంలో ఎవరినీ బతిమాలని మనిషి.

ఒట్టేశాను. ఏం చెయ్యను మరి?

మార్చి 28, సాయంత్రం 5.40

నల్లచీర కట్టుకున్నాను, గాజులు తీసి బ్యాగులో వేశాను.

మార్చి 29, ఉదయం 7

అయింది. అయిపోయింది.

ఆ నిశ్శబ్దం దగ్గర చచ్చి బతికాను. పిన్ని చేతులు మీటల మీద ఆగాయి. హాల్లో దగ్గు కూడా లేదు. నేను ఎదురుచూస్తున్నాను, పక్క చూపుకి చెయ్యి లేస్తుంది కదా అని. లేవదే! ఏదో తోచి తల మొత్తం తిప్పి చూద్దును కదా, చెయ్యి అప్పటికే పైనుంది. గబుక్కున పీల్చాను. పిల్లి తుమ్మినట్టు వచ్చింది. పడ్డారు. పిన్ని, ఎనభై మందీ, అందరూ కలిసి ఒక్కటిగా పడ్డారు. నాకు ఏడుపొచ్చేసింది, పేజీలు తిప్పడం మానేశాను, ఎలాగూ ఎవరు చూడొచ్చారు గనక.

జనం లేచి నిలబడ్డారు. నా మోచెయ్యి పట్టుకుని పిన్ని మూడుసార్లు వంగింది. మూడోసారి జనం వైపు కాకుండా బాకాలవాళ్ళ వైపు వంగింది. వాళ్ళని గౌరవించిందనుకుని జనం చప్పట్లు ఇంకా గట్టిగా కొట్టారు.

ఇలాంటి మనిషి ఇంకొకతె పుట్టదు.

మార్చి 31

పిన్ని రమ్మంటే వెళ్ళాను, పువ్వులు కూడా పట్టుకెళ్ళాను. బుద్ధి తక్కువై.

ఇది రక్తంలో వస్తుందట. అమ్మమ్మ గోడలు పట్టుకుని నడిచింది అందుకేనట, మనం ముసలితనం అనుకున్నాం. ఎనిమిది నెలల కిందటే డాక్టర్ చెప్పాట్ట, అక్కచెల్లెళ్ళ పిల్లల్ని కూడా టెస్టుకి పంపమని. పోయిన చూపు రాదు, ముందే పట్టుకుంటే మిగిలింది చుక్కల మందుతో ఆపొచ్చు అని. ఎనిమిది నెలలు! చెబితే తన సంగతి బయటపడుతుందని నోరు మూసుకుని కూర్చుంది.

అది కాదు అసలు సంగతి. నా ఊపిరి ఎందుకు లేటవుతోందో మొదటి రిహార్సల్‌లోనే తనకి తెలిసిపోయిందట. పీల్చే ముందు ప్రతిసారీ నా కుర్చీ కిర్రుమంటోందట. చెయ్యి చూడ్డానికి నేను ఒళ్ళంతా అటు తిప్పుతున్నానట. మామూలు మనుషులకి పక్కనున్న చెయ్యి తిరక్కుండానే కనపడుతుందే, అంది. తనకీ మొదట ఎడమ కన్నేనట.

అప్పుడే చెప్పొచ్చుగా అని అరిచాను. చెబితే నువ్వు నాతో స్టేజి ఎక్కేదానివా, అంది. నెమ్మదిగానే అంది.

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. పెంచిన చేతులే. నన్ను చిన్నప్పుడు రోడ్డు దాటించిన చేతులే. చెప్పకుండా లేచొచ్చేశాను. వస్తూ వస్తూ గుమ్మానికి ఎడం భుజం గట్టిగా కొట్టుకున్నాను.

చప్పుడు తనకీ వినపడింది. లోపల్నుంచి ఏడుపు మొదలైంది. నేను వెనక్కి వెళ్ళలేదు.

ఏప్రిల్ 4

కంటాసుపత్రిలో తెల్లటి గిన్నెలాంటి మెషీన్‌లో గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. ఒక కన్ను మూసి, చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కాలి. కుడి కన్నుకి టకటకా నొక్కేశాను. ఎడమ కన్నుకి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఇంకా మొదలుపెట్టలేదా అని అడిగాను.

సగం పైన అయిపోయిందండీ, అంది టెక్నీషియన్.